మానసిక వ్యాధుల మీద మెదడు పరిశోధన చేసే డాక్టర్ కావాలంటే

ఈ దారిలోకి రావాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఏ పరీక్ష రాయాలని. దానికంటే ముందు ఏళ్ల లెక్క వేసుకోండి. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి 5.5 ఏళ్లు, ఎండీ సైకియాట్రీ 3 ఏళ్లు, ఆ తర్వాత పీహెచ్‌డీయో విదేశీ ల్యాబులో శిక్షణో మరో 3 నుంచి 5 ఏళ్లు. మధ్యలో ఎంట్రన్సులకి ఒకటి రెండేళ్లు పోవడం మామూలే. సొంత ప్రశ్న, సొంత గ్రాంటుతో పని మొదలుపెట్టేసరికి 32 దాటుతుంది. అప్పటికి మీ బ్యాచ్‌మేట్ జిల్లా కేంద్రంలో నర్సింగ్ హోమ్ బోర్డు పెట్టేసి ఉంటాడు. ఈ సంగతి ఇంట్లో ఇప్పుడే చెప్పేయడం నయం. పెళ్లిచూపుల్లో "ఇంకా చదువేనా?" అంటే అప్పటికప్పుడు జవాబు తట్టదు.

రెండో లెక్క, ఈ పనిలో డాక్టర్ బలం ఎక్కడుందన్నది. ఎలుక మెదడులో ఎలక్ట్రోడ్ పెట్టడం మీకన్నా న్యూరోసైన్స్ పీహెచ్‌డీ వాళ్లకి బాగా వచ్చు. కోడ్ ఇంజినీర్లకి బాగా వచ్చు. ఎదురుగా కూర్చున్న మనిషికి వినపడుతున్న గొంతులు స్కిజోఫ్రీనియావా, తాగుడు మానేసిన మూడో రోజువా, లేక 2007లో మొదటిసారి వర్ణించిన, ఒంటి రోగనిరోధక శక్తే మెదడు మీద తిరగబడే ఎన్‌ఎండీఏ రిసెప్టర్ మెదడువాపువా అని తేల్చగలిగేది మాత్రం మీరే. ఆ తేల్చడం తప్పితే తర్వాత కోట్ల రూపాయల స్కానర్ ఏం కొలిచినా తప్పునే కచ్చితంగా కొలిచినట్టు. అందుకే ఈ వ్యాసంలో పరీక్షల కన్నా కొలతకే ఎక్కువ చోటు.

ఎంబీబీఎస్‌లో ఉండగా

రెండో ఏడాదిలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్‌కి దరఖాస్తు పెట్టండి. ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థులకి ఇచ్చేది, ప్రాజెక్టు 2 నెలలే. మీ కాలేజీలోనే ఒక గైడ్ ఉండాలి, ప్రపోజల్ ఆన్‌లైన్‌లో పంపాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ప్రపోజల్ ఎంపికయ్యాక కూడా చాలామంది చివర్లో రిపోర్టు పంపలేకపోతారు. కారణం ఒక్కటే: రోగుల్ని లెక్కపెట్టుకోకుండా దిగడం.

లెక్క ఇలా వేయండి. మీ ఓపీకి వారానికి 6 కొత్త స్కిజోఫ్రీనియా కేసులు వస్తాయనుకోండి. వయసు, మందులు, తాగుడు లాంటి షరతులు పెడితే సగం పోతారు. మిగిలినవాళ్లలో సగం మంది ఒప్పుకుంటారు. అంటే వారానికి ఒకటిన్నర మనిషి, 8 వారాలకి 12 మంది. రెండు గుంపుల మధ్య మధ్యస్థంగా ఉండే తేడా పట్టుకోవాలంటే, అంటే ప్రామాణిక విచలనంలో (మనుషుల మధ్య మామూలుగా ఉండే హెచ్చుతగ్గుల్లో) సగం తేడా, 80 శాతం పవర్‌తో (ఉన్న తేడా 100లో 80 సార్లు దొరికేలా) గుంపుకి 64 మంది కావాలి. తేడా 0.2 అయితే గుంపుకి 390 పైమాటే. 12 మందితో ఏం తేలదు. కాబట్టి ఆ 2 నెలల్లో రోగుల్ని పోల్చే పని పెట్టుకోకండి. నిద్ర, ఆందోళన, జ్ఞాపకశక్తి లాంటివి హాస్టల్ విద్యార్థుల్లో కొలిచి, రెండింటి మధ్య సంబంధం చూడండి. 0.3 సహసంబంధం పట్టుకోడానికి 85 మంది చాలు. ఒక హాస్టల్లో దొరుకుతారు.

అదే సమయంలో ఆర్ అనే ఉచిత గణాంక సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి. రోజుకి అరగంట చొప్పున 6 నెలలు చాలు. ఎక్సెల్లో చేతితో మార్చిన అంకెల్ని ఎవరూ మళ్లీ సరిచూడలేరు. పైగా సెప్ట్2, మార్చ్1 అనే జన్యువుల పేర్లని ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంటే భరించలేక, చివరికి 2020 నాటికి ఆ జన్యువుల పేర్లే మార్చాల్సి వచ్చింది. అప్పటికి సాఫ్ట్‌వేర్ మారలేదు, జన్యువే తల వంచింది.

ఇంటర్న్‌షిప్‌లో సైకియాట్రీ పోస్టింగ్‌ని సెలవుగా వాడుకోవద్దు. ఆ 2 వారాల్లో కనీసం 10 మంది కొత్త రోగుల కేస్ హిస్టరీ మొదటి నుంచి చివరిదాకా మీరే రాయండి. పని నచ్చుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది. న్యూరోసైన్స్ నచ్చి, రోగితో గంటసేపు మాట్లాడడం నచ్చకపోతే, నేరుగా బేసిక్ సైన్స్ పీహెచ్‌డీ వైపు వెళ్లడం మేలు. అందులో చిన్నతనమేమీ లేదు.

సీటు ఎంచుకోవడం

డిప్రెషన్, స్కిజోఫ్రీనియా, బైపోలార్, ఓసీడీ మీద పని చేయాలంటే సైకియాట్రీ. డిమెన్షియా, పార్కిన్సన్స్ వైపు మనసుంటే జనరల్ మెడిసిన్ చేసి డీఎం న్యూరాలజీకి వెళ్లాలి. సైకియాట్రీ ఎండీతో డీఎం న్యూరాలజీలో చేరడం కుదరదు. ఈ ముక్క చాలామందికి సీటు తీసుకున్నాకే తెలుస్తుంది.

బెంగళూరు నిమ్హాన్స్, ఎయిమ్స్‌లు, చండీగఢ్ పీజీఐ, జిప్మర్ సీట్లకి ఐఎన్‌ఐ-సెట్ (ఈ జాతీయ సంస్థల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి, ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లూ ఇందులోకే వస్తాయి. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాల సీట్లు నీట్ పీజీ ద్వారా. నిమ్హాన్స్‌లో ఉన్న వసతి ఇంకోచోట దొరకడం కష్టం. 1995లో మొదలైన మెదడు బ్యాంకు, పరిశోధనకే వాడుకునే స్కానర్లు, అదే ఊళ్లో ఎన్‌సీబీఎస్ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ), ఇన్‌స్టెమ్ (మూలకణాల పరిశోధన సంస్థ). అయితే ఎర్రగడ్డలోనో విశాఖలోనో ఒక పీజీ చూసే తెలుగు రోగుల సంఖ్య, వైవిధ్యం బెంగళూరులో దొరకవు. మెషిన్లు తర్వాతైనా వాడొచ్చు, వెయ్యిమంది రోగుల్ని చూసిన కన్ను తర్వాత రాదు. ర్యాంకు రాలేదని ఈ దారి వదిలేయనక్కర్లేదు.

కౌన్సెలింగ్‌కి ముందు ఆ కాలేజీలో ఉన్న సీనియర్ రెసిడెంటుకి ఫోన్ చేసి నాలుగు విషయాలు కనుక్కోండి. వారానికి పీజీ ఒక్కరికి ఎన్ని కొత్త కేసులు? థీసిస్ టాపిక్ మనం ఎంచుకోవచ్చా, గైడే ఇస్తారా? పరిశోధనకి ఎంఆర్‌ఐ స్లాట్ ఎవరిని అడగాలి? గత మూడు బ్యాచ్‌ల థీసిస్‌లలో ఎన్ని పేపర్లుగా అచ్చయ్యాయి? నాలుగోదానికి వచ్చే నిశ్శబ్దం బట్టి డిపార్ట్‌మెంటు అర్థమవుతుంది. సర్వీస్ బాండ్ షరతులు కూడా అప్పుడే చదవండి. ఫెలోషిప్ వచ్చిన ఏడాదే బాండ్ గుర్తుకొస్తే రెండూ ఇబ్బందిలో పడతాయి.

ఎండీలో నేర్చుకోవాల్సిన అసలు విద్య

స్కిజోఫ్రీనియా తీవ్రతకి పాన్స్ స్కేల్ వాడతారు. 30 అంశాలు, మొత్తం స్కోరు 30 నుంచి 210. దీనికి లైసెన్సు తీసుకోవాలి. డిప్రెషన్‌కి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల ఫారం ఉచితం. వీటిని పుస్తకం చూసి నేర్చుకుంటే రావు. సీనియర్‌తో కలిసి ఒకే రోగిని చూసి, విడివిడిగా మార్కులు వేసి, తర్వాత పోల్చుకోవాలి. ఇలా కనీసం 15, 20 మందిని చూడండి. ఇద్దరి స్కోర్ల పొందిక, అంటే ఐసీసీ, 0.8 దాటేదాకా మీ స్కోర్లని డేటాగా లెక్కించకండి. ఏడాదికోసారి మళ్లీ సరిచూసుకోవాలి. చేయి తిరిగిన కొద్దీ కొలత కూడా తెలియకుండానే జారుతుంది.

ఇక భాష. పాన్స్‌లో అమూర్త ఆలోచన కొలిచే అంశానికి సామెతలు అడుగుతారు. ఇంగ్లిష్ సామెతని తెలుగులోకి మార్చి అడిగితే ఆరోగ్యంగా ఉన్న రైతు కూడా తెల్లముఖం వేస్తాడు, మీరు దాన్ని జబ్బు ఖాతాలో రాస్తారు. "అడుసు తొక్కనేల కాలు కడగనేల", "ఇంట గెలిచి రచ్చ గెలువు" లాంటివి తీసుకోండి. ముందు మీ ప్రాంతంలో ఆరోగ్యవంతుల్ని, చదువుకోనివాళ్లని కూడా కలుపుకొని, 20 మందిని అడిగి చూసి, అందరికీ తెలిసినవే వాడండి. చదువు తక్కువున్న రోగికీ పీజీ చదివిన కంట్రోల్‌కీ (పోలిక కోసం తీసుకున్న జబ్బు లేని మనిషికీ) ఒకే సామెత ఇచ్చి తేడా వచ్చిందంటే ఆ తేడా బడిది, జబ్బుది కాదు.

డిప్రెషన్ ప్రశ్నావళి అనువాదాల్లో "ఆసక్తి లేకపోవడం", "నిరాశాభావం" అని ఉంటాయి. ఓపీలో ఆ మాటలు ఎవరూ అనరు. తెలంగాణలో "రంది పట్టుకుంది", "పానం మంచిగ లేదు" అంటారు. కోస్తాలో దిగులు, బెంగ. చాలామంది మనసు ఊసే ఎత్తరు. గుండె దడ, ఒళ్లు మంట, తల తిమ్ము, నీరసం అని చెప్తారు. కొత్త స్కేల్‌ని తెలుగులోకి తెచ్చేటప్పుడు ఇద్దరు విడివిడిగా అనువదించాలి, రెండింటినీ ఒకటి చేయాలి, మూలం చూడని మూడో మనిషి తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చాలి, ఆ తర్వాత పదిమంది రోగుల్ని కూర్చోబెట్టి "ఈ ప్రశ్న మీకేం అర్థమైంది?" అని అడగాలి. ఆఖరి మెట్టునే అందరూ వదిలేస్తారు. లోపాలు బయటపడేది అక్కడే.

చేతబడి, బాణామతి సంగతి విడిగా చూడాలి. ఊరంతా నమ్మే నమ్మకాన్ని భ్రాంతిగా రాస్తే స్కోరు పెరిగిపోతుంది. ఇంటివాళ్లని పక్కకి పిలిచి అడగండి: మీరూ అలాగే అనుకుంటున్నారా, ఇతను చెప్పేది మీకే వింతగా ఉందా? "మాకూ అనుమానమే, కానీ వీడు టీవీలో తన పేరే చదువుతున్నారంటాడు" అన్నారంటే గీత ఎక్కడ గీయాలో తెలిసిపోతుంది.

మందులు, మత్తుల చరిత్ర అరపేజీ కాదు, రెండు పేజీలు ఉండాలి. వేర్వేరు మందులు వాడేవాళ్లని ఒక కొలతలోకి తేవడానికి క్లోర్‌ప్రొమజీన్ (పాతకాలపు స్కిజోఫ్రీనియా మందు) సమానాలు వాడతారు. 100 మిల్లీగ్రాముల క్లోర్‌ప్రొమజీన్‌కి సుమారుగా 2 మిల్లీగ్రాముల హాలోపెరిడాల్, 2 రిస్పెరిడోన్, 5 ఒలాంజపీన్. ఏ పట్టిక వాడారో పేపర్లో రాయాలి. చుట్ట, బీడీ, సిగరెట్ పొగ కాలేయంలో సీవైపీ1ఏ2 ఎంజైమ్‌ని పెంచి క్లోజపీన్ అనే స్కిజోఫ్రీనియా మందుని తొందరగా కరిగిస్తుంది. వార్డులో చేరి పొగ మానేస్తే అదే డోసు రక్తంలో ఎక్కువవుతుంది. గుట్కా, ఖైనీకి ఈ ప్రభావం లేదు, ఎందుకంటే ఆ పని చేసేది పొగలోని రసాయనాలు, నికోటిన్ కాదు. "పొగాకు అలవాటు: ఉంది" అని ఒక్క గడి పెట్టిన ఫారం పనికిరాదన్నమాట.

తెలంగాణలో కల్లు గురించి కూడా అడగండి. కల్తీ కల్లులో అల్‌ప్రజోలాం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతుంటారు. రోగి "మందు ముట్టను" అంటాడు, నిజమే, అతని దృష్టిలో కల్లు మందు కాదు. అల్‌ప్రజోలాం, డయజిపాం లాంటి బెంజోడయజిపైన్లు ఈఈజీలో (మెదడు విద్యుత్ తరంగాల రికార్డింగులో) బీటా తరంగాల్ని పెంచుతాయి. మీరు జబ్బు గుర్తు దొరికిందనుకుంటారు. మూత్రంలో బెంజోడయజిపైన్ పరీక్ష పట్టీ పెట్టి చూడడం చాలా చవక.

కొలిచే రోజు

ఈఈజీకి వచ్చేవాళ్లకి ముందు రోజే చెప్పండి: రాత్రి తలంటుకోవాలి, నూనె రాయకూడదు, పూలు, పిన్నులు వద్దు. కొబ్బరినూనె పొర ఉంటే ఎలక్ట్రోడ్ ఇంపిడెన్స్ (కరెంటుకి అడ్డు) 5 కిలో ఓమ్‌ల కిందకి దిగదు. తాళ్లు తాళ్లుగా బిగించిన జడ విప్పించాలి. గదిలో ట్యూబ్‌లైట్, ఫ్యాన్ రెగ్యులేటర్, పక్కగోడ వెనకున్న ఇన్వర్టర్ 50 హెర్ట్జ్ రొద తెస్తాయి. ఒక్కొక్కటీ ఆపుతూ స్క్రీన్ చూస్తే దొంగ ఎవరో తెలుస్తుంది. రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో, ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో టైంతో సహా రాయండి. కళ్లు మూసుకున్న 5 నిమిషాల రికార్డింగులో చాలామంది కునుకు తీస్తారు. మధ్యమధ్య పలకరించాలి.

ఎంఆర్‌ఐ గది దగ్గర ఎక్కువగా ఆగిపోయేది నగల దగ్గరే. మెట్టెలు ఏళ్ల తరబడి తీయక బిగుసుకుపోయి ఉంటాయి. ముక్కుపుడక, గాజులు సరే, మంగళసూత్రం తీయమంటే అత్తగారు లేచి వెళ్లిపోయే సందర్భాలు ఉంటాయి. పసుపుకొమ్ము కట్టిన పసుపుతాడు అక్కడ సిద్ధంగా పెట్టుకుంటే మాట పెరగదు. దానికి ఖర్చు పది రూపాయలు, పోయిన స్లాట్ మళ్లీ నెలకి గానీ రాదు. మొలతాడు, తాయెత్తు తప్పకుండా అడగండి. ఆ రేకులో ఏ లోహముందో కట్టించుకున్నవాళ్లకీ తెలియదు. కళ్ల కాటుకలో ఇనుము ఉంటే కంటి చుట్టూ బొమ్మ వంకర పోతుంది.

స్కాన్‌లో తల కదలిక చాలా పాపాలకి మూలం. రోగులు కంట్రోల్స్ కన్నా ఎక్కువ కదులుతారు, ఆ కదలిక మెదడు భాగాల మధ్య సంబంధాలు తగ్గినట్టు చూపిస్తుంది. చెవుల పక్కన మెత్తలు పెట్టండి, ముందు రోజు ఆ చప్పుడు ఫోన్లో వినిపించండి, ఫ్రేము నుంచి ఫ్రేముకి కదలిక లెక్కగట్టి, ఎంత దాటితే ఆ స్కాన్ వదిలేస్తారో ముందే రాసిపెట్టుకోండి. ప్రతి 5 స్కాన్లలో ఒకటి పోతుందనుకొని మనుషుల్ని ఎంచండి.

రక్తం విషయంలో గడియారమే అంతా. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటకి గరిష్ఠానికి చేరి తర్వాత రోజంతా తగ్గుతూ పోతుంది. ఒకరికి 8 గంటలకీ ఇంకొకరికి 11కీ తీస్తే మీరు కొలిచింది ఆర్టీసీ బస్సు టైమింగు. బీడీఎన్‌ఎఫ్ (మెదడు కణాల ఎదుగుదలకి తోడ్పడే ప్రొటీన్) రక్తంలో ఎక్కువగా ప్లేట్‌లెట్లలో దాగి ఉంటుంది కాబట్టి సీరంలోనా, ప్లాస్మాలోనా, గడ్డ కట్టడానికి ఎంతసేపు ఉంచారు అన్నది అందరికీ ఒకేలా ఉండాలి. 0.5 మిల్లీలీటర్ల చొప్పున చిన్న ట్యూబుల్లో పోసి మైనస్ 80 డిగ్రీల్లో పెట్టండి. ఒకే ట్యూబు పదిసార్లు కరిగించి గడ్డకట్టిస్తే అందులో ప్రొటీన్ కొలతని నమ్మలేం. మామూలు స్టిక్కర్ మంచులో ఊడిపోతుంది, క్రయో లేబుళ్లే కొనండి. ఫ్రీజర్ జనరేటర్ లైన్ మీద ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో కరెంటు తీయించి చూడండి, మాట మీద నమ్మొద్దు.

ఎలాంటి ప్రశ్న వేసుకోకూడదు

వందమంది రోగులు, వందమంది కంట్రోల్స్, ఒక సెరొటోనిన్ జన్యువు. ఈ తరహా థీసిస్‌లు మన కాలేజీల్లో ఇంకా వస్తూనే ఉన్నాయి. డిప్రెషన్‌కి పేరుబడ్డ 18 జన్యువుల్ని భారీ నమూనాలో 2019లో పరీక్షిస్తే, యాదృచ్ఛికంగా ఎంచిన జన్యువుల కన్నా అవి ఏమీ ఎక్కువ కాదని తేలింది. స్కిజోఫ్రీనియాలో 287 జన్యు స్థానాలు దొరికాయంటే 2022 నాటి ఆ అధ్యయనంలో రోగులే 76,755 మంది. మెదడు స్కాన్‌కీ ప్రవర్తనకీ సంబంధం వెతకడానికి వేలమంది కావాలని అదే ఏడాది ఇంకో పెద్ద విశ్లేషణ చూపించింది. గణాంక దిద్దుబాటు చేయకుండా చూస్తే చచ్చిన సాల్మన్ చేప మెదడులో కూడా చురుకుదనం కనిపిస్తుందని 2009లోనే కొందరు స్కాన్ చేసి మరీ చూపించారు.

చిన్న బృందం నిజంగా చేయగలిగేవి వేరే ఉన్నాయి. ఒకే మనిషిని చికిత్సకి ముందు, తర్వాత కొలవడం ఒకటి: ఈసీటీ (కరెంటు చికిత్స), కెటమిన్, క్లోజపీన్. ఇక్కడ మార్పు పెద్దది, పైగా మనిషికి తనే కంట్రోల్. ఇద్దరు ముగ్గురికి జబ్బున్న కుటుంబాలు రెండోది. నిమ్హాన్స్, ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ కలిసి నడిపిన ఏడీబీఎస్ అనే మెదడు జబ్బుల పరిశోధన కార్యక్రమం ఇలాంటి కుటుంబాల చుట్టూ కట్టిందే. మేనరికాలు ఎక్కువున్న మన దగ్గర అరుదైన జన్యు లోపాలు జతగా కలిసి కనిపించే అవకాశం ఎక్కువ. యూరప్ జనాభాతో తయారైన పాలీజెనిక్ స్కోర్లు (ఎన్నో జన్యువుల ప్రభావం కలిపి వేసే రిస్కు లెక్కలు) మనవాళ్ల మీద సరిగ్గా పనిచేయవు కూడా. కాబట్టి వంశవృక్షం గీసేటప్పుడు మేనమామ పెళ్లి, మేనబావ పెళ్లి వేరువేరుగా గుర్తుపెట్టండి. "రక్తసంబంధం: అవును" అంటే చాలదు. ఆర్యవైశ్యుల్లో బ్యుటిరిల్ కోలినెస్టరేజ్ లోపం మిగతావాళ్లకన్నా చాలా ఎక్కువని తెలిసిందే. ఈసీటీకి ముందు కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్ ఇస్తే, దాన్ని కరిగించాల్సిన ఆ ఎంజైమ్ లోపమున్నవాళ్లకి ఊపిరి తిరిగి రావడానికి గంటలు పట్టొచ్చు. ఈసీటీ మీద పని పెట్టుకున్నవాళ్లు ఇంట్లో ఎవరికైనా మత్తుమందుతో ఇబ్బంది వచ్చిందా అని అందర్నీ అడగాలి.

అనుమతులు

వరస తప్పితే ఏడాది పోతుంది. ముందు ఎథిక్స్ కమిటీ. చికిత్స మార్చే అధ్యయనమైతే మొదటి రోగిని చేర్చకముందే సీటీఆర్‌ఐలో (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ నమోదు పట్టికలో) రిజిస్ట్రేషన్. తర్వాత చేస్తే చాలా పత్రికలు వెనక్కి కొట్టేస్తాయి. విదేశీ డబ్బో, విదేశానికి శాంపిల్సో ఉంటే హెచ్‌ఎంఎస్‌సీ (కేంద్ర ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ) ఆమోదం. దానికి నెలలు పెట్టుకోండి.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 99వ సెక్షన్ తప్పక చదవాలి. రోగి స్వేచ్ఛగా, అర్థం చేసుకుని ఒప్పుకోవాలి. ఒప్పుకునే స్థితిలో లేని, అలాగని ఎదురు కూడా చెప్పని మనిషి మీద మందులతోనో ఇతర పద్ధతులతోనో పరిశోధన చేయాలంటే రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ అనుమతి కావాలి. భర్తో తండ్రో సంతకం పెట్టేస్తే సరిపోతుందనుకోవడం సర్వసాధారణమైన తప్పు. మంచి పద్ధతి: తీవ్రత తగ్గాక మళ్లీ వెళ్లి రోగినే అడగడం. వద్దంటే అప్పటిదాకా తీసినదాన్ని ఏం చేస్తారో ఒప్పంద పత్రంలో ముందే ఉండాలి.

ఎండీ తర్వాత

ఒక్క పద్ధతి ఎంచుకొని లోతుగా దిగండి. ఇమేజింగ్, ఈఈజీ, జన్యుశాస్త్రం, స్టెమ్ సెల్స్ అన్నీ కొంచెం కొంచెం వచ్చినవాళ్లకి ఎవరూ గ్రాంటు ఇవ్వరు. రోగి రక్తకణాల్ని మూలకణాలుగా, వాటిని న్యూరాన్లుగా మార్చే పని ఆకర్షణీయమే, కానీ ఒక్క లైన్‌కి (ఒక రోగి కణాల వరసకి) నెలలు పడతాయి, మధ్యలో మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా పట్టినా క్రోమోజోములు దెబ్బతిన్నా మళ్లీ మొదటికి. వచ్చిన న్యూరాన్లు కూడా పిండదశ మెదడుకి దగ్గరగా ఉంటాయి. గణితం ఇష్టమున్నవాళ్లకి ఈఈజీ, ఇమేజింగ్ తొందరగా అందుతాయి. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సెంట్రల్ యూనివర్సిటీలోని న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్, ఐఐఐటీలో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబు ఉన్నాయి. వాళ్లకి రోగులు కావాలి, మీకు పద్ధతి కావాలి. వెళ్లి అడగండి. ఎవరి పేరు ముందు, డేటా ఎవరి దగ్గర అన్నది మొదటి నెలలోనే ఈమెయిల్లో రాసుకోండి.

రోగుల్ని చూడడం మానకండి. కాంతితో మెదడు కణాల్ని నడిపించే ఆప్టోజెనెటిక్స్‌కి 2005లో బాటలు వేసిన కార్ల్ డైసరోత్ వృత్తిరీత్యా సైకియాట్రిస్టు, ఆ తర్వాత కూడా క్లినిక్ వదల్లేదు. వారానికి ఒక పూట చాలు.

డబ్బు, సమయం

కేంద్ర బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ), బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి 2008లో పెట్టిన ఇండియా అలయన్స్ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. దాని క్లినికల్, పబ్లిక్ హెల్త్ ఫెలోషిప్‌లు డాక్టర్లకి, ప్రజారోగ్య పరిశోధకులకి. జీతం, పరిశోధన ఖర్చు రెండూ వస్తాయి. ఐసీఎంఆర్, ఏఎన్‌ఆర్‌ఎఫ్ (జాతీయ పరిశోధన నిధి సంస్థ) ప్రాజెక్టు గ్రాంట్లు మరో దారి. దరఖాస్తులో లక్ష్యాలు రెండో మూడో ఉండాలి, ఒకటి విఫలమైనా రెండోది నిలబడాలి. మొదటిది పారితేనే రెండోది మొదలవుతుందంటే రివ్యూయర్ అక్కడే పెన్ను తీస్తాడు.

బడ్జెట్లో పాల్గొనేవాళ్ల బస్సు ఛార్జీ, తోడు వచ్చినవాళ్ల రోజు కూలి, భోజనం తప్పక రాయండి. ఇది మర్చిపోతే మూడో విజిట్‌కి ఎవరూ రారు. కొనుగోళ్లకి టెండర్లు, కొటేషన్లు నెలలు తింటాయి కాబట్టి మొదటి ఏడాది పనిని ఆ మెషిన్ మీద ఆధారపెట్టకండి. యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు దేనికి ఖర్చయిందో చూపే పత్రం) ఆలస్యమైతే రెండో ఏడాది సొమ్ము ఆగిపోయి, ప్రాజెక్టు స్టాఫ్‌కి జీతాలు ఉండవు. అకౌంట్స్ సెక్షన్లో ఒక మనిషితో స్నేహం పీహెచ్‌డీ అంత అవసరం.

కొలువులో చేరేటప్పుడు పరిశోధనకి వారానికి ఎన్ని రోజులో ఆర్డర్‌లో రాయించుకోండి. నోటిమాటగా ఇచ్చిన రెండు రోజులు డెంగీ సీజన్‌లో ఎమర్జెన్సీ డ్యూటీ అయిపోతాయి.

అమెరికా, బ్రిటన్ వైపు చూసేవాళ్లకి

అమెరికాలో రెసిడెన్సీ 4 ఏళ్లు. లైసెన్సు పరీక్షల్లో స్టెప్ 1కి 2022 నుంచి మార్కులు లేవు, పాస్ లేదా ఫెయిలే, కాబట్టి స్టెప్ 2 సీకే స్కోరే బరువు. పెద్ద యూనివర్సిటీల్లో రీసెర్చ్ ట్రాక్‌లు ఉన్నాయి. అసలు మెలిక వీసాలో ఉంది. జే-1 (ఎక్స్ఛేంజ్ వీసా) మీద వెళ్తే శిక్షణకి మొత్తం గరిష్ఠంగా 7 ఏళ్లు, తర్వాత రెండేళ్లు ఇంటికి రావాలి. రాకుండా ఉండాలంటే వేవర్ ఉద్యోగం: డాక్టర్లు తక్కువున్న చోట వారానికి 40 గంటల చొప్పున 3 ఏళ్లు రోగుల్ని చూడడమే. పరిశోధన చల్లారిపోయేది అక్కడ. క్లినిషియన్ల కోసం ఎన్‌ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) ఇచ్చే కే08, కే23 అవార్డులు, టీ32 శిక్షణ నిధులు పౌరులకి, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకే. కే99/ఆర్00కి ఆ షరతు ఉండదు. అందుకే ప్రోగ్రాం ఇంటర్వ్యూలోనే హెచ్-1బీ (ఉద్యోగ వీసా) ఇస్తారా అని అడగండి. నోటీసులు ప్రతిసారీ కొత్తగా చదవండి.

బ్రిటన్‌లో అకడమిక్ క్లినికల్ ఫెలోషిప్‌లో 25 శాతం సమయం పరిశోధనకి కేటాయిస్తారు. తొలి మెట్టుకి అదే అనువు.

మొదటి రోగి వచ్చేలోపు

ట్యాబ్లెట్‌లో పీహెచ్‌క్యూ-9 నింపించే ప్రాజెక్టుల్లో ఒక ఘోరమైన లోపం జరుగుతుంటుంది. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనే ఆలోచనల గురించి. రోగి "దాదాపు ప్రతిరోజూ" అని నొక్కుతాడు, ఆ అంకె సర్వర్‌లోకి వెళ్తుంది, ఆరు నెలల తర్వాత విశ్లేషణ చేసేటప్పుడు గానీ ఎవరూ చూడరు. సున్నా కాని జవాబు రాగానే స్క్రీన్ ఎర్రబడేలా ప్రోగ్రాం రాయించండి. ఆ రోజు డ్యూటీలో ఏ డాక్టరో పేరు, ఫోన్ నంబరు ట్యాబ్లెట్ వెనక అతికించండి. రోగి గేటు దాటకముందే ఆ డాక్టర్ మాట్లాడాలి. ఇంటికి వెళ్లేటప్పుడు చేతికిచ్చే కాగితం మీద మీ వార్డు నంబరుతో పాటు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 పెద్ద అక్షరాల్లో ఉండాలి. మొదటి రోగి రాకముందు మీరే ఆ ప్రశ్నకి "దాదాపు ప్రతిరోజూ" నొక్కి, ఫోన్ ఎన్ని నిమిషాల్లో మోగుతుందో గడియారం పెట్టి చూడండి.